అప్పున్న మనిషిని నమ్మవచ్చా?



అమెరికా ప్రభుత్వంలో రహస్య కాగితాలు చూడవలసిన ఉద్యోగానికి ఎంపికైన వ్యక్తి ముందుగా ఒక పెద్ద దరఖాస్తు నింపాలి. ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్న దీని పేరు ఎస్.ఎఫ్. 86. నూరు పేజీలు దాటిన ఈ దరఖాస్తు ఎక్కడెక్కడ నివసించారు, ఎవరి వద్ద పనిచేశారు, ఏయే దేశాలు వెళ్ళివచ్చారు, బంధువులు ఎక్కడున్నారు అని వరుసగా అడుగుతుంది. దానిలో 26వ భాగం పూర్తిగా డబ్బు గురించే. గత ఏడేళ్ళలో ఏ బాకీ అయినా 120 రోజులు దాటి చెల్లించకుండా ఉండిపోయిందా? పన్ను కట్టడం మానారా? జూదం వల్ల డబ్బు ఇబ్బందుల్లో పడ్డారా? దివాలా దాఖలు చేశారా? ప్రతిదానికీ అవును, కాదు అని జవాబు రాసి, కింద సంతకం చేయాలి.

మన విచారణల నుండి వెళ్ళి అక్కడ స్థిరపడి, పౌరసత్వం పొందిన కుటుంబాల పిల్లలకు కూడా ఈ దరఖాస్తు ఎదురుకావచ్చు. ఇంజనీరింగు చదివి రక్షణశాఖకు పనిచేసే కంపెనీలో రహస్య కాగితాలు చూడవలసిన ఉద్యోగంలో చేరితే ఈ ప్రశ్నలు తప్పవు. అయితే ఈ వారం మన ఆలోచన వాళ్ళ ఉద్యోగాల గురించి కాదు. ఆ 26వ భాగం వెనుక ఉన్న ఒక పాత ప్రశ్న గురించి. ఆ ప్రశ్న అమెరికాలోనే కాదు, మన వీధిలోనూ, మన సంఘంలోనూ, మన ఇళ్ళలోనూ రోజూ పుడుతూనే ఉంటుంది. అప్పు తీర్చలేదంటే మనిషి నమ్మదగినవాడు కాదనా?

ఎందుకు అడుగుతారు?

రహస్య సమాచారం చూడడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతిని సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు. 2019 నాటి ప్రభుత్వ లెక్క ప్రకారం అమెరికాలో ఆ అర్హత ఉన్నవారు సుమారు 42 లక్షలమంది. సైనికులు, గుమాస్తాలు, ఇంజనీర్లు, అనువాదకులు, రకరకాలవాళ్ళు వారిలో ఉన్నారు. వీరి అర్హతను తేల్చడానికి పదమూడు అంశాలున్న నియమావళి ఉంది. ఇప్పుడు అమలులో ఉన్నది 2017 జూన్‌లో వచ్చింది. విదేశాలతో సంబంధాలు, మద్యం, మత్తుపదార్థాలు, నేరాలు ఇలా సాగే ఆ జాబితాలో ఆరవది ఆర్థిక పరిస్థితి. క్లియరెన్స్ నిరాకరణకు తరచుగా కనిపించే కారణాల్లో ఇదొకటి.

అప్పును ఎందుకు చూస్తారో ఆ నియమావళే చెబుతుంది. దాని సారాంశం ఇది. చెల్లించగలిగి ఉండి చెల్లించనివాడికి మాట మీద, నియమం మీద లెక్కలేదని అనుమానించవలసి వస్తుంది. ఆదాయానికి మించి అప్పుల్లో కూరుకుపోయినవాడికి డబ్బు కోసం తప్పుదారి పట్టే శోధన ఎక్కువ. ఇబ్బందిలో ఉన్నవాడిని పరాయివాళ్ళు లొంగదీసుకోవడం సులువు. దీనితోపాటు మరొకటి కూడా ఉంది. ఎక్కడిదో చెప్పలేని డబ్బు ఉన్నట్టుండి కనిపించినా అనుమానించాలి.

ఇది ఊహతో రాసిన భయం కాదు. జాన్ వాకర్ అమెరికా నౌకాదళంలో పనిచేసేవాడు. దక్షిణ కరొలినాలో ఒక బారు పెట్టి అప్పులపాలయ్యాడు. 1960ల చివర వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయానికి నడిచి వెళ్ళి నౌకాదళపు రహస్య సంకేతాలు అమ్మాడు. అలా 1985లో పట్టుబడేదాకా సుమారు పదిహేడేళ్ళు సాగించాడు. తానొక్కడే మునగలేదు. వ్యాపారం దెబ్బతిని అప్పుల్లో ఉన్న అన్న ఆర్థర్‌ను దింపాడు, నౌకాదళంలో చేరిన కన్నకొడుకు మైకేల్‌ను దింపాడు. ముగ్గురూ జైలుకు వెళ్ళారు. దేశానికి జరిగిన నష్టం ఒక ఎత్తు, ఆ ఇంటికి జరిగిన నష్టం ఒక ఎత్తు.

రోనాల్డ్ పెల్టన్ జాతీయ భద్రతా సంస్థలో పనిచేశాడు. 1979లో దివాలా దాఖలు చేశాడు. మరింత జీతం దొరుకుతుందని అదే ఏడు ఉద్యోగం వదిలాడు. 1980 జనవరిలో అతనూ ఆ రాయబార కార్యాలయం గడపే తొక్కాడు. అతని చేతిలో ఒక్క కాగితం లేదు, ఉన్నది జ్ఞాపకశక్తి మాత్రమే. ఒకోట్స్క్ సముద్రం అడుగున సోవియట్ టెలిఫోను తీగల మీద అమెరికా రహస్యంగా పెట్టిన పరికరం సంగతి అలా బయటపడింది. అందుకు అతనికి ముట్టింది మొత్తం మీద 35,000 డాలర్లు. 1986లో జీవితఖైదు పడింది.

అందరికంటే ఎక్కువ పేరు పడ్డది సి.ఐ.ఎ. అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్. విడాకుల ఖర్చు, కొత్త సంసారపు ఖర్చు, మీద పడిన బాకీలు. 1985 ఏప్రిల్‌లో తొలిసారి 50,000 డాలర్లకు పేర్లు అమ్మాడు. ఆ ఒక్కసారితో గట్టెక్కి ఆగిపోదామనుకున్నానని తర్వాత చెప్పాడు. ఆగలేదు. 1994 ఫిబ్రవరిలో పట్టుబడేనాటికి ఇరవై అయిదు లక్షల డాలర్లు దాటి పుచ్చుకున్నాడు. అతను పేర్లు చెప్పిన వాళ్ళలో పలువురిని సోవియట్ ప్రభుత్వం చంపేసింది. ఒక మనిషి నెలవారీ బాకీలకు ఎంతోమంది ప్రాణాలు చెల్లు అయ్యాయి.

అయినా అప్పు సాక్ష్యం కాదు

ఈ కథలు విన్నవారు వెంటనే అనే మాట ఒకటుంది. “చూశారా, అప్పులవాడిని దగ్గరకు రానీయకూడదు.” తొందరపడకండి. ఏమ్స్ కథనే ఇంకొకసారి చూడండి.

1985లో అతను ఇబ్బందుల్లో ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత బాకీలన్నీ తీరిపోయాయి. 5,40,000 డాలర్ల ఇల్లు రొక్కమిచ్చి కొన్నాడు. జాగ్వార్ కారులో ఆఫీసుకు వచ్చేవాడు. అప్పుల బాధ లేని మనిషి. అప్పుల పట్టికే కొలబద్ద అయితే ఆ సంవత్సరాల్లో అతను నికార్సైన ఉద్యోగి! భార్య తరపు ఆస్తి అని చెబితే చాలాకాలం నమ్మారు. అతను పట్టుబడ్డాకే, 1995 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ కొత్త ఉత్తర్వు జారీచేసి, అతి రహస్యమైన పనుల్లో ఉన్నవారు తమ ఆర్థిక వివరాలు వెల్లడించాలని నియమం పెట్టాడు.

మరో ఇద్దరిని చూడండి. ఆనా మోంటెస్ అమెరికా రక్షణ గూఢచారి సంస్థలో ఉండి క్యూబాకు పనిచేసింది. 2001లో పట్టుబడింది. ఆమెను నడిపించింది డబ్బు కాదు, తాను నమ్మిన రాజకీయం. ఎఫ్.బి.ఐ.లో రాబర్ట్ హాన్సెన్ కూడా అదే సంవత్సరం పట్టుబడ్డాడు. పొరుగువారి కంటికి అతను ఆరుగురు పిల్లల తండ్రి, మామూలు సంసారి, క్రమంగా పూజకు వెళ్ళే కథోలికుడు. అంతకు ఇరవై ఏళ్ళకు పైగా ముందునుంచీ, మధ్యమధ్య ఆగుతూ, రహస్యాలు అమ్ముతూనే ఉన్నాడు. మనకు ఇది మింగుడుపడని సంగతే. కాని దాచి లాభం లేదు. మొదటి వరసలో కూర్చునే అలవాటు కూడా విశ్వాసపాత్రతకు రుజువు కాదు.

ఇటువైపు అప్పులున్న కోట్లమంది ఉన్నారు. ఆసుపత్రి ఖర్చుకు చేసినవాళ్ళు, చదువుకు చేసినవాళ్ళు, పని పోయి చేసినవాళ్ళు. వాళ్ళలో పైసా కోసం ఎవరినీ మోసం చేయనివాళ్ళే ఎక్కువ. కనుక అప్పు అనేది ఒక మనిషి మీద ఉన్న బరువును చూపిస్తుంది. ఆ బరువు కింద అతను వంగుతాడో, నిలుస్తాడో చూపించదు. ఆ రెంటినీ ఒకటిగా చూడడంలోనే మనం పొరబడుతుంటాం.

మొత్తం కాదు, నడవడి

ఇక్కడ ఆ అమెరికా నియమావళి మనకంటే ఓపికగా ఆలోచించిందని ఒప్పుకోవాలి. బాకీ ఎంత అని అడిగి అక్కడే ఆగిపోదు. ఎలా వచ్చింది అని అడుగుతుంది. ఉద్యోగం పోవడం, వ్యాపారం దెబ్బతినడం, అనుకోని జబ్బు, ఇంట్లో మరణం, విడాకులు, వడ్డీవ్యాపారుల మోసం, ఇలాంటివి మనిషి చేతిలో లేనివని ఒప్పుకుంటుంది. అయితే మరో ప్రశ్న కూడా అడుగుతుంది. ఆ కష్టంలో నీవేం చేశావు? అప్పు ఇచ్చినవాడితో మాట్లాడావా? వాయిదాలు కుదుర్చుకున్నావా? కుదుర్చుకున్న ప్రకారం కడుతున్నావా?

ఇద్దరిని ఊహించుకుందాం. మొదటివాడికి భార్య జబ్బువల్ల 40,000 డాలర్ల బాకీ ఉంది. ఆసుపత్రివారికి ఉత్తరం రాసి నెలకు 200 డాలర్ల చొప్పున రెండేళ్ళుగా కడుతున్నాడు. దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాశాడు. రెండోవాడి బాకీ 6,000 డాలర్లే. విహారయాత్రలకు, కొత్త వస్తువులకు చేసింది. వచ్చిన ఉత్తరాలు విప్పకుండా బల్ల సొరుగులో పడేశాడు. దరఖాస్తులో “బాకీలు లేవు” అని రాశాడు. అంకెలు చూసేవాడికి మొదటివాడే ప్రమాదం. నియమావళిని సరిగా చదివినవాడికి రెండోవాడే ప్రమాదం. చిన్న బాకీని దాచినవాడు రేపు పెద్ద తప్పును కూడా దాచగలడు. తెలిసి తెలిసి అబద్ధం రాస్తే అది వేరే నేరం కూడా. అక్కడి చట్టం ప్రకారం అయిదేళ్ళదాకా జైలుశిక్ష పడవచ్చు.

ఇలాంటి దావాలను రక్షణశాఖ తరపున విని తీర్పు చెప్పే న్యాయాధికారులు ఉన్నారు. పేర్లు తీసేసి ఆ తీర్పులను ప్రచురిస్తారు. అప్పీలు బోర్డు చాలాసార్లు చెప్పిన మాట ఒకటుంది. ప్రతి బాకీ పైసాతో సహా తీరి ఉండనవసరం లేదు, తీర్చడానికి సబబైన ఏర్పాటు ఉండాలి, ఆ ఏర్పాటు ప్రకారం నిజంగా అడుగులు పడి ఉండాలి. దివాలా దాఖలు చేసినంత మాత్రాన అర్హత పోదు. కొన్ని సందర్భాల్లో అదే చట్టబద్ధమైన, బాధ్యతగల మార్గం.

కాలదోషం పట్టిన నోటు

ఆ తీర్పులలో మన రైతు కుటుంబాలకు బాగా తెలిసిన సంగతి కూడా ఒకటి ఉంది. ప్రోనోటుకు మూడేళ్ళు అని మన ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్ళలోపు దావా వేయకపోతే, మధ్యలో చెల్లు వేయించకపోతే, నోటుకు కాలదోషం పడుతుంది. ఇక కోర్టు వసూలు చేసిపెట్టదు. అమెరికాలోనూ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో గడువు ఉంది.

“గడువు దాటింది కదా, ఇక నాకు బాకీ లేదు” అని క్లియరెన్స్ అడిగేవాడు వాదిస్తే ఏమవుతుంది? ఆ వాదన నిలవదు. గడువు దాటేదాకా ఊరుకుని చట్టం చాటున నిలబడడాన్ని సద్బుద్ధితో తీర్చే ప్రయత్నంగా లెక్కించబోమని అప్పీలు బోర్డు ఎన్నోసార్లు చెప్పింది. బలవంతం పోయింది, బాధ్యత పోలేదు అని దాని భావం.

మన చట్టం కూడా ఈ తేడా ఎరుగును. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 25వ సెక్షను ప్రకారం, కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని రాతపూర్వకంగా సంతకం చేసి మాట ఇస్తే ఆ మాట చెల్లుతుంది. కోర్టు అడగలేని బాకీని కూడా మనస్సాక్షి అడుగుతుందని చట్టం చేసినవారికి తెలుసు. వెతికి పట్టుకుని నిలదీసే దారి లేని అప్పును పిలిచి ఇచ్చేవాడు ఎవరైనా ఉంటే, రహస్యాన్ని అతని చేతిలో పెట్టవచ్చు. ఎవరూ చూడనప్పుడు అతను ఎలా ఉంటాడో ఆ ఒక్క పని చెబుతుంది.

న్యాయమేనా?

ఇంతవరకూ బాగానే ఉంది. కాని అసలైన చిక్కు ఇక్కడినుంచే.

నిజంగా కష్టంలో పడి, నిజాయితీగా ఉన్నదంతా చెప్పి, చేతనైనంత కడుతున్న మనిషికి కూడా ఒక్కోసారి క్లియరెన్స్ రాదు. ఏర్పాటు చేసుకుని ఎక్కువ నెలలు కాలేదంటారు, బాకీ ఇంకా పెద్దదిగానే ఉందంటారు. ఏమాత్రం సందేహం ఉన్నా దేశ భద్రతవైపే తీర్పు చెప్పాలన్నది నియమం. ఈ అనుమతి పొందడం ఎవరికీ హక్కు కాదని 1988లో ఈగన్ అనే వ్యక్తి దావాలో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి పోతే చాలామందికి ఉద్యోగమే పోతుంది. ఉద్యోగం పోతే బాకీ తీరే దారి మూసుకుపోతుంది. అప్పు ఉందని పని తీసేసి, పని లేదు కనుక అప్పు తీర్చలేదంటే ఆ మనిషి ఎక్కడికి పోవాలి?

ఇంకొకటి చూడండి. 2018 డిసెంబరు 22 నుండి 35 రోజులపాటు అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు కొంతవరకు నిధులు మంజూరు కాక మూతపడ్డాయి. 2025 అక్టోబరు 1 నుండి మళ్ళీ 43 రోజులు. లక్షలాది ఉద్యోగులకు ఆ రోజుల్లో జీతం అందలేదు. ఆగిపోయిన జీతం తర్వాత వచ్చింది, కాని కాంట్రాక్టు మీద పనిచేసే ఎందరికో అదీ రాలేదు. ఇంటి వాయిదా తప్పింది, కార్డు బాకీ పెరిగింది. బాకీలు నిలిచిపోతే క్లియరెన్స్ ఏమవుతుందోనని వాళ్ళు భయపడ్డారు. జీతం ఇవ్వనివాడే “నీకు బాకీలెందుకున్నాయి?” అని అడిగే పరిస్థితి. తమ చేతిలో లేని కారణం కింద దీనిని లెక్కించవచ్చు, నిజమే. అయినా రుజువు చేసుకునే భారం మాత్రం ఉద్యోగి మీదే.

మరి ఈ పద్ధతి అన్యాయమని కొట్టిపారేద్దామా? అలా అనలేం. ఏమ్స్ అమ్మిన పేర్ల వెనుక మనుషులున్నారు, వాళ్ళకూ భార్యాబిడ్డలున్నారు. వాళ్ళ ప్రాణాలు కాపాడే బాధ్యత ప్రభుత్వానిది. తాళం చెవి ఎవరికివ్వాలో ఎంచుకునే అధికారం ఇంటి యజమానికి ఉన్నట్టే ఇదీను. బరువు మోస్తున్నవాడి నెత్తిన ఇంకో బరువు పెట్టకపోవడం ఒక్కోసారి అతని మీద దయ కూడా అవుతుంది.

అయితే తాళం చెవి ఇవ్వకపోవడం వేరు, దొంగ అనడం వేరు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. అమెరికాలో 1960లో అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ ఇచ్చిన 10865వ ఉత్తర్వులో ఈ తేడాను స్పష్టంగా రాశారు. అనుమతి నిరాకరించడం దేశ ప్రయోజనం దృష్ట్యా చేసే నిర్ణయం, అది ఆ మనిషి దేశభక్తి మీద ఏ విధంగానూ తీర్పు కాదు. ఈనాటికీ ఆ తీర్పులు ఈ ఉత్తర్వు వెలుగులోనే రాస్తారు. ఎన్ని లోపాలున్నా, ఈ ఒక్క మాట ఉన్నందువల్ల ఆ పద్ధతిలో మానవత్వం మిగిలింది. “ఈ పని నీకు ఇప్పుడు ఇవ్వలేం” అంటే మనిషి తలెత్తుకుని బయటకు వెళ్ళగలడు. “నీవు నమ్మదగనివాడివి” అంటే అతని తల ఎప్పటికీ లేవదు.

మన సంగతి

మన దేశంలోనూ ఈ ప్రశ్న ఉంది. కేంద్రప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. దానిలో 17వ నియమం ప్రకారం ఉద్యోగి తన సొంత వ్యవహారాలు అప్పులకు అలవాటు పడకుండా, దివాలా తీయకుండా నడుపుకోవాలి. అప్పు వసూలుకు ఎవరైనా దావా వేస్తే ఆ సంగతి పైవారికి వెంటనే తెలపాలి. అప్పు తన చేతిలో లేని కారణాల వల్ల వచ్చిందని, దుబారా వల్ల కాదని చూపించుకునే భారం ఉద్యోగిదే. రెండు దేశాలవారు వేరువేరుగా ఆలోచించి ఒకే చోటికి వచ్చారు. దాచవద్దు, కారణం చెప్పు. ఈ మధ్య ప్రభుత్వరంగ బ్యాంకుల్లో ఉద్యోగానికి ఎంపికైనవారి అప్పుల చరిత్ర కూడా చూస్తున్నారు. చదువు అప్పు, సెల్‌ఫోను వాయిదా, యాప్‌లో తీసుకున్న చిన్న బాకీ, అన్నీ అందులో కనిపిస్తాయి. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం తల్లిదండ్రుల బాధ్యత.

కాని కాగితాల మీది నియమాల కన్నా మన నాలుకల మీది నియమాలు కఠినమైనవి. ఫలానా ఆయన చిట్టీ పాడుకుని రెండు నెలలు కట్టలేదని తెలిస్తే చాలు. సంఘం లెక్కలు ఆయన చేతికి ఇవ్వరు. అంతవరకు సరే, అది జాగ్రత్త. కాని అక్కడితో ఆగుతామా? ఆయన కూతురికి సంబంధం వస్తే “అప్పులవాళ్ళండీ” అని ఒక మాట వేస్తాం. పండుగనాడు ఆయన చందా తక్కువ రాస్తే నవ్వుకుంటాం. ఆ కుటుంబం గుడికి రావడం మానేస్తే, ఎందుకు మానేశారో కనుక్కోవడానికి వెళ్ళం. ఆయనకు ఆ అప్పు ఎందుకయిందో మనకు తెలియదు. తమ్ముడి బాకీకి హామీ సంతకం పెట్టి ఉండవచ్చు. పంట పోయి ఉండవచ్చు. ఒక దేశపు ప్రభుత్వం తన గూఢచారి సంస్థలో పెట్టుకున్న తేడాను మనం మన విచారణలో పెట్టుకోలేకపోతున్నాం.

పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తీయండి. అప్పు ఇచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం బాకీదారు ఇంట్లోకి చొరబడకూడదు, బయట నిలబడాలి, బాకీదారే తెచ్చి ఇవ్వాలి అని అక్కడ నియమం ఉంది. తాకట్టు పెట్టింది పేదవాడి దుప్పటి అయితే పొద్దుగూకేలోగా తిరిగి ఇవ్వాలి. బాకీ రద్దు చేయమని అక్కడ లేదు, ఇచ్చినవాడికి అడిగే హక్కు ఉంది. కాని గడప దాటే హక్కు లేదు. బాకీదారుకు తన ఇంట్లో తానే యజమాని. అప్పు అతని సొమ్మును తగ్గించింది గాని అతని గౌరవాన్ని తగ్గించలేదు.

అప్పు తర్వాత శోధన

మనం రోజూ చెప్పే పరలోక జపంలో ఒక విశేషం గమనించారా? తెలుగులో ఆ మన్నింపు మనవి అప్పు అనే మాటతోనే ఉంది. మన అప్పుల మన్నింపు అడిగిన వెంటనే, శోధనలో పడకుండా కాపాడమని అడుగుతాం. అప్పు, ఆ వెంటనే శోధన. ఆ మనవిలో అప్పు అంటే పాపమనే అర్థం, అది నిజమే. కాని ఈ రెండు మనవులు ఇంత దగ్గరగా ఉండడం, అప్పుల బాధ ఎరిగినవాడికి వింతగా తోచదు. బాకీవాడు గుమ్మంలో నిలబడినప్పుడే మనిషికి చెడ్డ ఆలోచనలు వస్తాయి. వాకర్, పెల్టన్, ఏమ్స్ రాయబార కార్యాలయం మెట్లు ఎక్కినది అలాంటి రోజుల్లోనే.

ఆ మెట్లు ఎక్కకముందు ఎవరికైనా చెప్పుకుని ఉంటే? భార్యకో, అన్నకో, పై అధికారికో “నేను మునిగిపోతున్నాను” అని ఒక్క మాట అని ఉంటే? మనకు తెలియదు. కాని ఒకటి తెలుసు. దాచిన అప్పుకే బలం ఎక్కువ. నలుగురికి తెలిసిన అప్పుతో ఎవరూ ఎవరినీ బెదిరించలేరు. క్లియరెన్స్ ఇచ్చేవారు దాపరికాన్ని బాకీకన్నా ఎక్కువగా పట్టించుకోవడానికి కారణం ఇదే.

కనుక అప్పుల్లో ఉన్న సోదరులారా, సోదరీమణులారా, మొదట ఇంట్లో చెప్పండి. బాకీల పట్టిక ఒక కాగితం మీద రాసి భార్యాభర్తలిద్దరూ కలిసి చూడండి. ఉత్తరాలు విప్పండి. అప్పిచ్చినవారికి మీరే ముందుగా వెళ్ళి కనబడండి, ఎంత కట్టగలరో అంతకే మాట ఇవ్వండి, ఇచ్చిన మాట ప్రకారం కట్టండి. ఒక అప్పు తీర్చడానికి ఫోనులో మరో అప్పు తీసుకోకండి. ఏ దరఖాస్తులో అడిగినా ఉన్నదే రాయండి.

అప్పులు లేనివారికి కూడా ఒక మాట. డబ్బు పెట్టె ఎవరి చేతికివ్వాలో జాగ్రత్తగా ఎంచుకోండి, అందులో తప్పులేదు. కాని మీ పక్కింటివాడు తన కష్టం మీతో చెప్పుకోగలిగేలా ఉండండి. అతను చెప్పిన మాట మీ గడప దాటకుండా చూసుకోండి. ఒకరి ఇబ్బంది మన దగ్గర రహస్యంగా ఉండగలిగితే, మనం కూడా ఒక క్లియరెన్స్‌కు అర్హులమైనట్టే. ఆ పరీక్షకు దరఖాస్తు లేదు, సంతకం లేదు. ఈ సాయంత్రమే ఎవరో మన వాకిట్లోకి వచ్చి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, అసలు సంగతి ఎలా ఎత్తాలో తెలియక నేల చూస్తూ కూర్చోవచ్చు. అప్పుడు తొందరపెట్టకుండా వినండి.